దవాఖానా ఎవరిది?

రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళ దగ్గర పడుతున్నప్పుడు మన ఇళ్ళలో ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. వంటింట్లో పెద్ద గిన్నెడు నీళ్ళు, అందులో చక్కెర, నానబెట్టిన సబ్జా గింజలు, పక్కన కోసిపెట్టిన నిమ్మకాయలు. ఇంట్లోని చిన్నవాడు ఎర్రని షర్బత్ సీసాను రెండు చేతులతో పట్టుకుని "నేనే పోస్తా అమ్మీ" అని మారాం చేస్తుంటాడు. కర్నూలైనా, గుంటూరైనా, వరంగల్ అయినా ఈ దృశ్యంలో పెద్ద తేడా ఉండదు. ఆ షర్బత్ పేరు రూహ్ అఫ్జా అని మన పిల్లలందరికీ తెలుసు. అది ఎక్కడ పుట్టిందో, ఎవరి ఇంట పుట్టిందో తెలిసినవారు మాత్రం తక్కువ.

సీసా మీద ఉండే 'హమ్‌దర్ద్' అనేది పారశీక భాషా పదం. 'హమ్' అంటే కలిసి, 'దర్ద్' అంటే నొప్పి. ఎదుటివాడి నొప్పిని తన నొప్పిగా భావించేవాడు అని దాని అర్థం. ఈ పేరుతో పాత ఢిల్లీలో 1906లో ఒక చిన్న మందుల దుకాణం వెలిసింది. ఒక హకీమ్, ఆయన ఇల్లాలు, వారి బిడ్డలు నడుపుకున్న దుకాణం అది. ఆ చిన్న కొట్టు నుంచి మూడు దేశాల్లో మందుల సంస్థలు, విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, బడులు పుట్టుకొచ్చాయి.

ఈ చరిత్రను మేము నేడు పాఠకుల ముందుంచటానికి కారణం ఉంది. ఇందులో మన ప్రతి ఇంటికీ సంబంధించిన ప్రశ్న ఒకటి దాగి ఉంది. తండ్రి పెట్టిన దుకాణం తండ్రి తర్వాత ఎవరిది?

మా ఊరి అత్తార్ దుకాణం

ఈ ప్రశ్న మాకు చిన్ననాడే ఎదురయింది. మా ఊళ్ళో మసీదు వీధి మలుపులో ఒక యునానీ మందుల కొట్టు ఉండేది. దుకాణం నిండా చెక్క సొరుగులు. ఒక్కో సొరుగు మీద ఉర్దూలో మూలిక పేరు. మాకు దగ్గు వస్తే మా దాదీ అక్కడికే పంపేవారు. అత్తార్ సాబ్ చిన్న త్రాసులో ఉన్నాబ్, ములైఠీ, బనఫ్‌షా తూచి, పాత వార్తాపత్రికలో పొట్లం కట్టి ఇచ్చేవారు. బీదవాళ్ళ దగ్గర డబ్బు అడిగేవారు కాదు. ఎవరెవరు బాకీ ఉన్నారో ఆయనకు నోటికి తెలుసు. పుస్తకంలో రాసి పెట్టుకునే అలవాటు లేదు.

ఆయన హఠాత్తుగా చనిపోయారు. ముగ్గురు కొడుకులు. లెక్క లేదు, వసియ్యత్‌నామా లేదు. నలభై రోజులు తిరగకముందే పంపకాలు జరిగిపోయాయి. దుకాణం ఒకరికి, సొరుగులూ సరుకూ ఒకరికి, తండ్రి స్వదస్తూరీతో రాసుకున్న నుస్ఖాల పుస్తకం ఒకరికి. దుకాణం దక్కినవాడికి మందు తెలియదు. పుస్తకం దక్కినవాడికి కూర్చునే చోటు లేదు. సరుకు దక్కినవాడు దాన్ని టోకున అమ్ముకున్నాడు. రెండేళ్ళకు అక్కడ చెప్పుల కొట్టు వెలిసింది. సంతానం ఉన్న భర్త చనిపోతే అతని ఆస్తిలో భార్యకు ఎనిమిదో వంతు దివ్య ఖుర్‌ఆన్ నిర్ణయించిన హక్కు. ఆ తల్లి హక్కు సంగతి నాడు ఎవరూ ఎత్తలేదు. ఆమెను ఒక్క మాట కూడా అడగలేదు. నాడు అక్కడ కూర్చున్న పెద్దల్లో నమాజీలు ఉన్నారు, హాజీలు ఉన్నారు. ఈ సంగతి తలచుకుంటే మాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఢిల్లీ దుకాణానికీ సరిగ్గా ఇలాంటి గడియే వచ్చింది. అక్కడ జరిగింది మాత్రం వేరు.

హౌజ్ ఖాజీలో ఒక చిన్న కొట్టు

హకీమ్ హాఫిజ్ అబ్దుల్ మజీద్ 1883లో పీలీభీత్‌లో జన్మించారు. ఖుర్‌ఆన్ కంఠస్థం చేసిన హాఫిజ్. ఢిల్లీలో సుప్రసిద్ధ వైద్యుడు, దేశభక్తుడు హకీమ్ అజ్మల్ ఖాన్ నెలకొల్పిన హిందుస్తానీ దవాఖానాలో పనిచేసి, మందుల తయారీలోని మెలకువలు నేర్చుకున్నారు. ఆ అనుభవంతో 1906లో హౌజ్ ఖాజీ ప్రాంతంలో సొంతంగా దవాఖానా తెరిచారు.

ఆ రోజుల్లో యునానీ వైద్యం ఎలా సాగేదో కొంచెం చెప్పుకుంటేనే ఆయన చేసిన పని విలువ తెలుస్తుంది. హకీమ్ నాడి చూసి నుస్ఖా రాసిచ్చేవారు. రోగి దాన్ని పట్టుకుని అత్తార్ దుకాణానికి వెళ్ళేవాడు. అత్తార్ తోలాలు, మాషాల లెక్కన మూలికలు తూచి ఇచ్చేవాడు. రోగి ఇంటివాళ్ళు వాటిని రాత్రి నానబెట్టి, ఉదయం కాచి, వడకట్టి తాగించేవారు. నుస్ఖా ఎంత గొప్పదైనా అత్తార్ పాత సరుకు ఇస్తే మందు పనిచేయదు. ఒక మూలికకు బదులు అలాంటిదే మరొకటి వేసినా రోగికి తెలిసే అవకాశం లేదు. మాజూన్, ఖమీరా, జవారిష్, అర్క్, షర్బత్ వంటివి కలిపి తయారుచేయవలసిన మందులు. వాటికి పెద్ద పాత్రలు, రోజుల తరబడి శ్రమ కావాలి. సామాన్యుడి ఇంట అది సాధ్యం కాదు.

మంచి మూలికలు ఏరి, శుభ్రం చేసి, తూకం ప్రకారం మందును తానే తయారుచేసి, సీసాలో పోసి, పేరు అంటించి అమ్మటం కొత్త తరం దవాఖానాలు తెచ్చిన మార్పు. నిన్న కొన్న మందూ, నేడు కొన్న మందూ ఒకేలా ఉండాలి. పెద్దింటివాడు కొన్నా, కూలివాడు కొన్నా ఒకే సరుకు దొరకాలి. కొలతలో, తూకంలో మోసం చేసేవారిని దివ్య ఖుర్‌ఆన్ ఎంత కఠినంగా హెచ్చరించిందో మనకు తెలుసు. మందు దుకాణంలో తూకం తప్పితే పోయేది డబ్బు ఒక్కటే కాదు, ప్రాణం కూడా పోవచ్చు.

మరుసటి సంవత్సరం 1907లో రూహ్ అఫ్జా వచ్చింది. నేడు మనం దాన్ని విందుల్లో తాగే షర్బత్‌గా చూస్తున్నాం. మొదట అది మందు. ఢిల్లీ వేసవిలో 'లూ' అనే వేడిగాలి వీస్తుంది. వడదెబ్బకు మనుషులు కూలిపోతారు. ఒంటికి చలువ చేసే వస్తువులను యునానీ వైద్యం ముందే గుర్తించి ఉంచింది. గులాబీ, కేవడా అని పిలిచే మొగలిపువ్వు, కలువపువ్వు, వట్టివేరు, గంగవాయిలి గింజలు, కాస్నీ, ధనియాలు, కొన్ని పండ్ల రసాలు. వీటిని చక్కెర పాకంలో చేర్చి హకీమ్ సాబ్ ఒక షర్బత్‌గా కూర్చారు. పిల్లలు ముఖం చిట్లించకుండా తాగే మందు అది. 1910లో మీర్జా నూర్ అహ్మద్ అనే చిత్రకారుడు దానికి పూలతో, పండ్లతో రంగురంగుల చీటీ గీసి ఇచ్చారు. చదువు రానివారు కూడా ఆ చీటీ చూసి సీసాను గుర్తుపట్టగలిగారు.

తండ్రి లేని దుకాణం

1922లో పిడుగు పడింది. హకీమ్ అబ్దుల్ మజీద్ నలభై ఏళ్ళయినా నిండకుండానే కన్నుమూశారు. పెద్ద కొడుకు అబ్దుల్ హమీద్‌కు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. చిన్న కొడుకు ముహమ్మద్ సయీద్ రెండేళ్ళ పసివాడు.

ఇలాంటప్పుడు లోకం చెప్పే సలహా మనకు తెలిసిందే. దుకాణం ఎవరికైనా అమ్మేయండి, లేదా ఒక బంధువుకు అప్పగించి నెలకింత తీసుకోండి, ఆడమనిషీ, పసివాళ్ళూ వ్యాపారం ఏం చేస్తారు? ఇంటి ఇల్లాలు రాబియా బేగం ఆ దారి పట్టలేదు. పెద్ద కొడుకును పక్కన పెట్టుకుని దుకాణం నిలబెట్టారు. ఆ కాలంలో గౌరవ కుటుంబాల స్త్రీలు బజారు ముఖం చూడటమే అరుదు. అయినా భర్త వదిలివెళ్ళిన పనిని ఆమె చెదరనివ్వలేదు. ఆస్తిని పంచలేదు. కొడుకును వైద్యంలో, వ్యాపారంలో తీర్చిదిద్దారు.

ఇక్కడ మన సోదరులకు ఒక సంగతి గుర్తు చేయాలి. ఇస్లామీయ చరిత్రలో వక్ఫ్ అనగానే హజ్రత్ ఉమర్ (రజి) పేరు చెబుతాం. ఆయన ఖైబర్‌లోని తన విలువైన భూమిని దైవప్రవక్త ముహమ్మద్ (స) సలహా మేరకు వక్ఫ్ చేశారు. తన తదనంతరం ఆ వక్ఫ్ నిర్వహణను తన కుమార్తె, విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి)కు అప్పగిస్తూ రాసి పెట్టారు. వక్ఫ్ భూమి లెక్కలు చూసే బాధ్యతను స్త్రీ చేతికి ఇవ్వటానికి ఉమర్ (రజి) వెనకాడలేదు. మనం మాత్రం తల్లిని పంపకాల గదిలోకి కూడా రానివ్వటం లేదు.

అబ్దుల్ హమీద్ ఆ చిన్న వయసులోనే ఇంటి బరువు నెత్తికెత్తుకున్నారు. దవాఖానా లాల్ కువాఁ ప్రాంతంలో విస్తరించింది. చేతులతో నూరి, కాచి చేసే పనులకు క్రమంగా యంత్రాలు వచ్చాయి. 'హమ్‌దర్ద్-ఎ-సెహత్' అనే ఉర్దూ ఆరోగ్య మాసపత్రిక వెలువడింది. తమ్ముడు సయీద్ ఢిల్లీ తిబ్బియా కళాశాలలో వైద్యం చదువుకుని 1940 ప్రాంతంలో అన్నకు తోడయ్యారు. మందుల పేర్లు దేశమంతా పాకాయి. రక్తశుద్ధికి సాఫీ, జలుబూ దగ్గులకు జోషీనా, సుఆలీన్, బలానికి సింకారా, తలకూ ఒంటికీ రోగన్ బాదామ్ షీరీన్. ఈ పేర్లు మన తెలుగు ఊళ్ళలోని పెద్దవాళ్ళకు నేటికీ నోటికి వస్తాయి. దుకాణానికి వచ్చేవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. నొప్పికి మతం ఏముంటుంది?

రెండుగా చీలిన ఇల్లు

1947లో దేశం విడిపోయింది. ఢిల్లీ వీధుల్లో నెత్తురు పారింది. ఎందరో ముస్లింలు ఇల్లూ వాకిలీ వదిలి వెళ్ళిపోయారు. ఆ ఇంట్లోనూ చీలిక వచ్చింది. తమ్ముడు హకీమ్ సయీద్ 1948 జనవరిలో భార్యాబిడ్డలతో కరాచీ వెళ్ళారు. అన్న హకీమ్ అబ్దుల్ హమీద్ తల్లితో పాటు ఢిల్లీలోనే ఉండిపోయారు. అన్నదమ్ముల ప్రేమకు లోటు రాలేదు. కానీ ఇద్దరి మధ్యా సరిహద్దు నిలిచింది.

తమ్ముడు కరాచీలో ఆరాంబాగ్ ప్రాంతంలో మళ్ళీ మొదటి నుంచి, చిన్న గదితో ప్రారంభించారు. అన్నగారు అదే సంవత్సరం, 1948లో, ఢిల్లీలోని హమ్‌దర్ద్ దవాఖానాను వక్ఫ్ చేశారు. నలభై ఏళ్ళ వయసులో, వ్యాపారం మంచి స్థితిలో ఉండగా చేసిన పని ఇది. తమ్ముడు కూడా 1953లో కరాచీ సంస్థను వక్ఫ్‌గా మార్చారు. ఒకే తల్లి పెంచిన బిడ్డలు, రెండు దేశాల్లో, అయిదేళ్ళ తేడాలో, ఒకే నిర్ణయానికి వచ్చారు. 1971లో బంగ్లాదేశ్ ఏర్పడ్డాక అక్కడి శాఖ కూడా ప్రత్యేక సంస్థగా, వక్ఫ్‌గానే నిలబడింది. నేడు ఢిల్లీ, కరాచీ, ఢాకా మూడు చోట్లా ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద అదే ఎర్ర సీసా కనిపిస్తుంది.

వక్ఫ్ అంటే చాలామంది మసీదు, ఖబ్రస్తాన్, దర్గా భూములే అనుకుంటారు. వక్ఫ్ అనే మాటకు అసలు అర్థం ఆపటం, నిలిపి ఉంచటం. ఖైబర్ భూమి విషయంలో దైవప్రవక్త (స) చేసిన బోధ సారాంశం ఇది: మూలాన్ని అలాగే నిలిపి ఉంచు, దాని ఫలాన్ని పుణ్యకార్యాలకు ఇవ్వు. ఆ మూలాన్ని అమ్మకూడదు, దానంగా ఇచ్చివేయకూడదు, అది వారసత్వంగా పంపకానికి రాదు. దాని ఫలం పేదలకు, దగ్గరి బంధువులకు, బాటసారులకు, అతిథులకు చెందుతుంది. నిర్వహించే వ్యక్తి, అంటే ముతవల్లీ, న్యాయమైన మేరకు దాని నుంచి తినవచ్చు. దాన్ని తన ఆస్తిగా పోగేసుకోకూడదు.

భూమిని వక్ఫ్ చేయటం మనం చూశాం, బావిని వక్ఫ్ చేయటం చూశాం. నడుస్తున్న వ్యాపారాన్ని, రోజూ కొనుగోళ్ళూ అమ్మకాలూ జరిగే మందుల దుకాణాన్ని వక్ఫ్ చేయటానికి గుండె ధైర్యం కావాలి. భూమి ఒకచోట పడి ఉంటుంది. వ్యాపారానికి రోజూ కాపలా కావాలి. లాభం లేకపోతే ఫలం లేదు. నిజాయితీ లేకపోతే మూలమే మిగలదు.

కోర్టు చెప్పిన పాఠం

ఈ కుటుంబాన్ని పొగిడి ఊరుకోవటం మా ఉద్దేశం కాదు. కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలి. మన దేశంలో 1954లో ఒక చట్టం వచ్చింది. ఫలానా జబ్బులను మా మందు నయం చేస్తుందని ప్రకటనలు వేసి రోగులను ఆశపెట్టటాన్ని అది నిషేధించింది. హమ్‌దర్ద్ ప్రకటనల మీదా అధికారులు అభ్యంతరం చెప్పారు. ఈ చట్టం మా వాక్‌స్వాతంత్ర్యాన్ని హరిస్తున్నదని సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1959 డిసెంబరులో తీర్పు వచ్చింది. మందు అమ్ముకోవటానికి వేసే ప్రకటన వ్యాపారమే తప్ప రాజ్యాంగం కాపాడే భావప్రకటన కాదని న్యాయస్థానం తేల్చింది. అయితే ఏ జబ్బునైనా జాబితాలో చేర్చుకోవటానికి ప్రభుత్వానికి హద్దులేని అధికారం ఇచ్చిన భాగాన్నీ, సరుకు జప్తుకు సంబంధించిన భాగాన్నీ కొట్టివేసింది. నేటికీ న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ కేసును హమ్‌దర్ద్ దవాఖానా కేసు అనే పేరుతోనే చదువుతారు.

రోగి నిస్సహాయుడు. నయమవుతుందని ఎవరు చెప్పినా నమ్ముతాడు. అతని ఆశ మీద వ్యాపారం చేయటం ఎంత సులువో, అంత ప్రమాదం. దవాఖానా ధర్మసంస్థ అయినంత మాత్రాన చట్టానికి అతీతం కాదు. యునానీ, ఆయుర్వేదం, హోమియో ఏదైనా సరే, 'సర్వరోగాలకూ ఒకే మందు' అని గోడల మీద రాసేవారు నేటికీ ఉన్నారు. మన సోదరులు వారి మాటల్లో పడి అసలు వైద్యాన్ని ఆలస్యం చేసుకోవద్దని ఈ సందర్భంగా కోరుతున్నాం.

సీసా నుంచి విద్యాలయం దాకా

వక్ఫ్ ఫలం ఎటు పోయిందో చూద్దాం. 1962లో ఢిల్లీలో వైద్య చరిత్ర, వైద్య పరిశోధన సంస్థ ఏర్పడింది. మరుసటి సంవత్సరం యునానీ వైద్య కళాశాల. 1964లో హమ్‌దర్ద్ నేషనల్ ఫౌండేషన్. 1969లో హజ్రత్ నిజాముద్దీన్ ప్రాంతంలో గాలిబ్ అకాడమీ. తరువాత ఫార్మసీ కళాశాల, నర్సింగ్ కళాశాల, తండ్రి పేరున మజీదియా ఆసుపత్రి. ఇవన్నీ తుగ్లకాబాద్ వద్ద ఒక గొడుగు కిందికి చేరి, 1989లో జామియా హమ్‌దర్ద్ పేరుతో విశ్వవిద్యాలయ హోదా పొందాయి. ఆనాటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ దాన్ని ప్రారంభించారు. 2012లో అక్కడ ఆధునిక వైద్య కళాశాల కూడా మొదలయింది.

పాత ఢిల్లీ గలీ ఖాసిం జాన్‌లో రాబియా గర్ల్స్ పబ్లిక్ స్కూల్ ఉంది. భర్త పోయిన నాడు దుకాణం తలుపులు మూయనివ్వని ఆ తల్లి పేరున నడుస్తున్న ఆడపిల్లల బడి అది. ఒక విధవ తల్లి కష్టాన్ని కొడుకు ఇంతకంటే బాగా స్మరించుకోగలడని మేము అనుకోము.

హకీమ్ అబ్దుల్ హమీద్‌కు ప్రభుత్వం 1965లో పద్మశ్రీ, 1992లో పద్మభూషణ్ ఇచ్చింది. ఇంత సంస్థకు పెద్ద అయినా ఆయన నిరాడంబరంగా బతికారు, రోగుల నాడి చూడటం మానలేదు. కరాచీలో తమ్ముడు కూడా అంతే. 1991లో హమ్‌దర్ద్ విశ్వవిద్యాలయం స్థాపించారు, పిల్లల కోసం 'నౌనిహాల్' పత్రిక నడిపారు, 1993లో సింధ్ రాష్ట్ర గవర్నరుగా పనిచేశారు. అయినా రోగులను ఉచితంగా చూసే పని వదల్లేదు. రోగులను చూసే రోజుల్లో ఆయన రోజా ఉండేవారని ప్రసిద్ధి. 1998 అక్టోబరు 17 ఉదయం ఆరాంబాగ్‌లోని తన దవాఖానాకు వచ్చిన హకీమ్ సయీద్‌ను దుండగులు కాల్చి చంపారు. వైద్యం మొదలుపెట్టిన చోటే ప్రాణం వదిలారు. మరుసటి సంవత్సరం, 1999 జులైలో, అన్నగారు తొంభై ఏళ్ళ వయసులో ఢిల్లీలో కన్నుమూశారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

మన హైదరాబాదులోనూ ఇలాంటి కుటుంబ దవాఖానా చరిత్ర ఉంది. హకీమ్ ముహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో ప్రారంభించిన జిందా తిలిస్మాత్ మందు అంబర్‌పేట కార్ఖానాలో తయారై, జలుబు చేసిన ప్రతి ఇంటికీ చేరింది. నూరేళ్ళు దాటినా అది ఆ కుటుంబం చేతిలోనే ఉంది. అది వక్ఫ్ దారి కాదు, వారసుల దారి. వారసులు కలిసి ఉంటే ఆ దారీ నిలుస్తుంది. కాబట్టి ప్రతి దుకాణదారుడూ తన దుకాణాన్ని వక్ఫ్ చేయాలని మేము చెప్పటం లేదు. బిడ్డలకు ఏమీ మిగల్చకుండా సర్వం దానం చేయటాన్ని ధర్మం ఆదేశించలేదు.

కాగితం చాలదు

అన్నదమ్ములిద్దరూ వెళ్ళిపోయాక ఏమైంది? ఢిల్లీ సంస్థలో తరువాతి తరాల మధ్య నిర్వహణ ఎవరిదన్న వివాదం తలెత్తి కోర్టుకెక్కింది. 2019 రంజాన్‌లో రూహ్ అఫ్జా బజారులో కనిపించలేదు. కొన్ని మూలికల సరఫరా అందలేదని సంస్థ చెప్పింది. కుటుంబ కలహమే కారణమని పత్రికలు రాశాయి. ఆ రోజుల్లో కరాచీ సంస్థ అధిపతి, భారత ప్రభుత్వం అనుమతిస్తే వాఘా సరిహద్దు మీదుగా లారీల్లో షర్బత్ పంపుతామని బహిరంగంగానే అన్నారు. డెబ్బై ఏళ్ళ కింద విడిపోయిన ఇంటి నుంచి ఆ మాట వచ్చింది. చదివి నవ్వుకున్నవారు ఉన్నారు. మాకు మాత్రం కళ్ళు చెమర్చాయి. తరువాత సరుకు మళ్ళీ వచ్చింది. ఆహార పదార్థాల వ్యాపారం, మందుల వ్యాపారం వేర్వేరు నిర్వహణల కిందికి వెళ్ళాయి.

ఇందులో ఎవరిది తప్పో తేల్చటం మా పని కాదు. మనం గ్రహించవలసింది వేరే ఉంది. వక్ఫ్ కాగితం ఆస్తి పంపకాన్ని ఆపగలదు. ముతవల్లీ కుర్చీ కోసం వచ్చే పోటీని ఆపలేదు. 1922లో ఆ ఇంట్లో వక్ఫ్ కాగితమేదీ లేదు. అయినా దుకాణం చీలలేదు. రాబియా బేగం దాన్ని తన వాటాగా చూడలేదు, అమానతుగా చూశారు. అమానతు అంటే మనది కానిది, మన చేతిలో ఉన్నది, అడిగినప్పుడు లెక్క చెప్పవలసినది. ఆ భావం ఉన్నంత కాలం కాగితం లేకపోయినా దుకాణం నిలిచింది. ఆ భావం సన్నగిల్లితే ఎంత గట్టి కాగితం ఉన్నా కోర్టు మెట్లు తప్పవు.

మరి అమానతు భావం ఉంటే కాగితం అక్కర్లేదా? అదీ పొరపాటే. మా ఊరి అత్తార్ సాబ్ మంచివారు. బీదల దగ్గర డబ్బు తీసుకోనివారు. ఆయన కొడుకులూ పుట్టుకతో చెడ్డవాళ్ళు కారు. తండ్రి ఏమీ రాసి పెట్టలేదు గనుక ఎవరికి తోచింది వారు చేశారు. దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైన వాక్యం దేని గురించో గమనించండి. అప్పు లావాదేవీలను రాసుకోండి, సాక్షులను పెట్టుకోండి అని చెప్పే వాక్యం అది. మనసు మంచిదైతే చాలునని దైవం ఊరుకోలేదు. రాయమన్నాడు.

కాబట్టి దుకాణాలున్న మా సోదరులకు ఒక విన్నపం. మీ దుకాణం మందులదైనా, బట్టలదైనా, టైరు పంక్చర్లు వేసేదైనా సరే, మూడు పనులు చేయండి. ఎవరికెంత ఇవ్వాలో, ఎవరి నుంచి ఎంత రావాలో ఒక పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం ఎక్కడుందో మీ ఇల్లాలికి చెప్పండి, దాన్ని చదవటం ఆమెకు నేర్పండి. దుకాణం ఇల్లాలి డబ్బుతోనో, తమ్ముడి చెమటతోనో పెరిగి ఉంటే వారి వాటా మీరు బతికుండగానే తేల్చండి. స్తోమత ఉన్నవారు ఆస్తిలో మూడో వంతుకు మించకుండా పుణ్యకార్యాలకు వసియ్యత్ చేయవచ్చు. మిగిలినది వారసులకు దైవం నిర్ణయించిన వాటాల ప్రకారం చెందాలి. అందులో కూతురి వాటా ఉంది, భార్య వాటా ఉంది.

వసియ్యత్ చేయదగిన వస్తువు ఉన్న ముస్లిం దాన్ని రాసిపెట్టకుండా రెండు రాత్రులు కూడా గడపటం తగదని దైవప్రవక్త (స) బోధించారు. హకీమ్ అబ్దుల్ మజీద్‌కు నలభై ఏళ్ళు నిండలేదు. మా అత్తార్ సాబ్ ముందురోజు ఇషా నమాజుకు మాతో పాటు సఫ్‌లో నిలబడ్డారు.

నేడు శుక్రవారం. జుమా నమాజు ముగిశాక ఇంటికి వెళ్ళి, భోజనాలయ్యాక, ఇల్లాలినీ బిడ్డలనూ దగ్గర కూర్చోబెట్టుకోండి. ఒక తెల్ల కాగితం తీసుకుని, బిస్మిల్లా అని మొదటి పంక్తి రాయండి.